వీధితలుపు ఇత్తడి కడియము

పండుగ వచ్చుచున్నదనగా తణుకు పట్టణమునందలి పాతయిండ్లలో మొట్టమొదట కదలునది ఇత్తడి. దసరాకు కొందఱు, సంక్రాంతికి పెక్కుమంది, అటుకమీది బిందెలను, దేవునిగదిలోని కుందులను, తుదకు వీధితలుపున నున్న కడియములను, గొళ్లెమును, గుబ్బలను కూడ చింతపండుతో తోమి తళతళలాడునట్లు చేయుదురు. ఈ పని యెంతవఱకు ధర్మము, ఎంతవఱకు డంబము అను ప్రశ్న మా యింటి తలుపును బాగుచేసికొను సందర్భమున మాకు కలిగినది. ఇంత చిన్నవిషయమునుగూర్చి విచారమేలయని చదువరులు తలంపవచ్చును. గృహస్థధర్మములలో ననేకములు చిన్నవస్తువులయందే పరీక్షింపబడును గనుక, ఆ ప్రశ్నను, దానికి మాకు దొరికిన సమాధానమును ఇందు వ్రాయుచున్నాము.

ముందుగా ఇత్తడియనగా నేమో తెలిసికొందము. ఇది రాగిని తుత్తునాగముతో, అనగా జింకుతో, కలిపి కరగించిన మిశ్రలోహము. సాధారణముగా నూటికి 60 మొదలు 70 పాళ్లవఱకు రాగియు, తక్కినది తుత్తునాగమును ఉండును. బంగారమువలె ఇది తనంతట తాను మెఱయుచుండదు. గాలిలోని ప్రాణవాయువు, తేమ, గంధకసంబంధమగు వాయువులు సోకగా దాని పైపొర మార్పుచెందును. మొదట కాంతి తగ్గును, పిమ్మట గోధుమవన్నె వచ్చును, తడి నిలిచినచోట పచ్చని చిలుము పట్టును. గోస్తనీనదియు, గోదావరి కాలువలును, వరిచేలును చుట్టుకొనియున్న తణుకువంటి యూర గాలిలో తేమకు కొదువలేదు. కావున ఇచ్చట ఇత్తడి త్వరగా మాయును. ఈ మాయుట పోతపోసినవాని దోషము కాదు. గాలిలో నుండు ఇత్తడికి అది సహజము.

తణుకునకు దాపుననే పెరవలి మండలములో అజ్జరమను గ్రామము కలదు. ఇత్తడి, కంచు పాత్రలకును, గుడిగంటలకును ఆ గ్రామము పేరుపడినది. లోహమును మూసలో కరగించి, అచ్చులో పోసి, ఆకురాతితో రాచి, మెఱుగుపెట్టి యొక వస్తువును సిద్ధపఱచుటకు కొలిమివేడియందు ఎంతటి శ్రమ పడవలెనో చూచినవారు, పాతదైనదని యొక కడియమును తూకమునకు వేయుటకు వెనుదీయుదురు. పరుల చేతికష్టమును చెడనీయక కాపాడుట ధర్మము. కాబట్టి ఇత్తడిని బాగుచేసికొనుట కేవలము డంబమని త్రోసివేయుటకు వీలులేదు. మొదట ఈ మాట నొప్పుకొని తక్కినది విచారింతము.

మా యింటి వీధితలుపు టేకుది, మా పెద్దల కాలమునాటిది. దానికి రెండు కడియములు, ఒక గొళ్లెము, మీదిభాగమున రెండువరుసల గుబ్బలు కలవు. ఎన్నడో తలుపునకు రంగు వేసినవారు లోహమును కూడ విడువక అన్నిటిమీదను పచ్చరంగు పూసిరి. తరువాతివారు దానిమీదనే మఱల మఱల పూసిరి. తుదకు కడియము ఇనుపదియో ఇత్తడిదియో తెలియకుండ పోయెను. మేము మొదట అయస్కాంతము నానించి చూచితిమి. ఇనుమైనచో అయస్కాంతము పట్టుకొనును, ఇత్తడిని పట్టుకొనదు. ఇనుముమీద ఇత్తడిపూత పూసిన వస్తువులు అంగళ్లలో దొరకుచున్నవి. వానిని గట్టిగా తోమినచో పూత పోయి ఇనుము బయటపడును. క్రొత్త ఇత్తడిసామానుమీద తఱచుగా పారదర్శకమగు వార్నీషు కూడ నుండును. దానిని తీసివేయకున్న చింతపండు లోహమును చేరజాలదు. మా కడియములను అయస్కాంతము పట్టుకొనలేదు.

అంతట మరమేకులు విప్పి, ఏది యేచోటిదో కాగితముమీద గుఱుతు వ్రాసికొని, సామానంతయు తలుపునుండి వేఱుచేసితిమి. తలుపుమీదనే తోమినయెడల పులుసు కొయ్యలోని కింకి మరకపడును. పాతరంగులలో సీసము కలిసియుండవచ్చును. అది దేహమునకు, విశేషించి పిల్లలకు, హానికరము. అందుచే పొడిగా గీకి ధూళి రేపక, పిల్లలను దూరముగ నుంచి, సబ్బు కలిపిన వేడినీటిలో సామానును చాలసేపు నానవేసి, మెత్తబడిన రంగును తడిగా నుండగానే కొయ్యపుల్లతో ఊడదీసితిమి. పిమ్మట చింతపండుగుజ్జు పట్టించి, కొంచెముసేపటికి మెత్తనిగుడ్డతో రుద్ది, మంచినీటితో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఆఱబెట్టితిమి. చింతపండులోని టార్టారికామ్లము పైమాలిన్యమును కరగించును. ఆఱినపిదప తేనెమైనమును పలుచగా పట్టించితిమి. అది తేమను కొంతకాలము అడ్డగించును. మొదటి కడియమిట్లు చక్కగా తేఱినది.

రెండవ కడియము విషయమున మేము ఆతురపడితిమి. దానికి చిలుము ఎక్కువగా పట్టియుండుటచే ఉప్పు కలిపిన చింతపండు పులుసులో రాత్రియంతయు ఉంచితిమి. తెల్లవారి తీసి చూడగా అది ఇత్తడివన్నె కోల్పోయి రాగివలె ఎఱ్ఱబారియుండెను. పులుసు మాలిన్యముతో నాగక లోహములోని తుత్తునాగమును కూడ కొంత లాగివేసి మీద రాగిని మిగిల్చెను. దానిని సరిచేయబోయి ఇటుకపొడితో గట్టిగా రుద్దితిమి. ఎఱుపు కొంత పోయినది. దానితోపాటు కడియము మొదట కంచరి చెక్కిన చిన్నలతయు సగము అరిగిపోయినది. పోయిన చెక్కడమును ఏ పులుసును తిరిగి తేజాలదు.

రామకృష్ణ పరమహంసగారి జీవితచరిత్రలలో ఒక సంభాషణ చెప్పబడియున్నది. ఆయనకు వేదాంతము నుపదేశించిన తోతాపురి ప్రతిదినము తన ఇత్తడిచెంబును తోముకొనుచు, మనస్సును కూడ నిత్యధ్యానముచే ఇట్లే తోమవలెనని చెప్పెనట. చెంబు బంగారుదైనచో తోముట యెందులకని రామకృష్ణులు అడుగగా, తోతాపురి ఆ మాట కొప్పుకొనెనట. బంగారమైన మహాత్ముల సంగతి మే మెఱుగము. మేము ఇత్తడివంటివారము, మాలో మంచియు చెడ్డయు ఒక్క మూసలో కరగి కలిసియున్నవి. కావున మాకు తోతాపురి మొదటిమాటయే వర్తించును. అయితే ఆ మాటలోని ‘ప్రతిదినము’ అనుదానిని తఱచుగా మఱచిపోవుచున్నాము. సంవత్సరమంతయు మనస్సును చిలుము పట్టనిచ్చి, ఒక పర్వదినమున ఉపవాసముండి, తన్ను తాను పాపియని పదిమార్లు తిట్టుకొని, మఱునాటినుండి యథాప్రకారముగ నడచుకొనువాడు రాత్రియంతయు కడియమును పులుసులో ఉంచిన మావంటివాడే. దోషముతో గుణమును కూడ కరగించుకొనును, దోషము మాత్రము మఱల వచ్చును. వారమునకొకసారి పొడిగుడ్డతో తుడిచిన ఇత్తడికి ఇటుకపొడితో పనియుండదు.

ఇంతవఱకు మేము చెప్పినది ఏ ధర్మోపదేశకుడైనను చెప్పగలడు. మా కడియము ఇంకొకటి చూపినది. దానిని చెప్పుట మాకు కొంత సిగ్గుగా నున్నది, అందుచేతనే చెప్పవలసియున్నది.

రంగు ఊడిన తరువాత పరీక్షించి చూడగా తలుపు పైభాగమున నున్న గుబ్బలమీది చెక్కడము నిన్న చెక్కినట్లు మొనదేఱియుండెను. కడియముల అడుగుభాగము మాత్రము నున్నగా, పలుచగా, వ్రేలికి ఇంపుగా నరిగియుండెను. గుబ్బల నెవరును ముట్టుకొనలేదు. కడియములను మా తాతల కాలమునుండి వచ్చినవారందఱు పట్టుకొని తట్టిరి. ఆ నునుపు ఏ చింతపండును తెచ్చినది కాదు. మనుష్యుల చేతులు తెచ్చినది. ఒక యింటికి ఎందఱు వచ్చిరో, ఎందఱకు తలుపు తెఱచిరో చెప్పుటకు అంతకంటె నమ్మకమైన లెక్క యుండదని సంతోషించితిమి.

మా యింట ఇరువది యేండ్లకు పైగా అంట్లు తోమి, ఇల్లూడ్చి, పండుగపండుగకు బిందెలకును కుందులకును మెఱుగుపెట్టుచున్న యొక స్త్రీ కలదు. ఎఱ్ఱబారిన కడియమును చూచి, “పులుసు పని అయిపోగానే కడిగెయ్యాలండి, ఉంచకూడదు. నన్నడిగితే చెప్పేదాన్ని గదా” అని ఆమె యనెను. టార్టారికామ్లమునుగూర్చి చదివిన మేము, చేతితో ఎఱిగినవారిని అడుగవలెనని తలంపలేదు. కడియములను మఱల తలుపునకు బిగించినతరువాత, దాని ధ్వని లోపలికి ఎట్లు వినబడునో చూతమని ఆమెను వీధిలోనికి పోయి తట్టుమంటిమి. ఆమె చేయి చీరకొంగుతో తుడుచుకొని నిలిచిపోయెను. “నేనా అండీ? నేనెప్పుడూ ఇటునుంచి రాలేదు గదండీ” అనెను.

ఆ మాట నిజము. ఇరువది యేండ్లుగా ఆమె దొడ్డిగుమ్మమునుండి వచ్చి, “అమ్మగారూ” అని పిలిచి, దొడ్డిగుమ్మమునుండియే పోవుచుండెను. ఆమె మాకంటె వయస్సున పెద్దది; అయినను మే మామెను ‘నువ్వు’ అనుచుంటిమి, ఆమె మమ్మును ‘అండీ’ అనుచుండెను. మా తలుపును తట్టిన చేతుల లెక్కను చూచుకొని సంతోషించిన మేము, ఆ లెక్కలో లేని చేతి నొక్కసారియైనను తలంపలేదు. ఆ యింట అందఱికంటె నెక్కువగా ఇత్తడిని ముట్టిన చేయి అదియే.

దీనికి కొన్ని సమాధానములు వెంటనే తోచును. మాకును తోచినవి. ఆమె నెవరును నిషేధింపలేదు గదా యనునది మొదటిది. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానిని నేరముగ శిక్షించు చట్టమును పుట్టినది. మా యింట ఆ చట్టమునకు విరుద్ధమగు మాట యెవరును పలికి యెఱుగము. ఇది నిజమే. కాని నిషేధించువాడు లేకయే నిలిచియుండు ఆచారము, నిషేధముచే నిలుచు ఆచారముకంటె లోతుగా దిగినది. నిషేధమును చట్టముతో తీసివేయవచ్చును. ఎవరును పలుకని దానిని తీసివేయుటకు చట్టమునకు పట్టు దొరకదు. అది గృహస్థుని పని.

అంట్లు దొడ్డిలో నుండును, కొళాయి దొడ్డిలో నుండును, ఆ దారి ఆమెకు దగ్గఱ అనునది రెండవ సమాధానము. ఇదియు చూచుటకు బాగుగనే యున్నది. దీనిని పరీక్షించుటకు అయస్కాంతమువంటి యుపాయ మొకటి కలదు. మా బంధువురాలు ఎవతెయైనను పండుగపనికి సాయము చేయవచ్చినచో ఏ గుమ్మమున వచ్చును? పని దొడ్డిలోనే యైనను వీధితలుపు తట్టి, ముందుగదిలో కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, పిమ్మట దొడ్డిలోనికి పోవును. విద్యుచ్ఛక్తి కొలత వ్రాసికొనువాడు సయితము వీధితలుపే తట్టును. కావున దారి దగ్గఱయనుట ఇనుముమీది ఇత్తడిపూత. అయస్కాంతము దానిని పట్టుకొనినది.

తలుపున్నది మూయుటకు కూడ గదా, అందఱకును తెఱచిన యింట గొళ్లె మెందుకు అని మూడవవారు అడుగుదురు. రాత్రి గడియ వేయుట తప్పు కాదు. దొంగను వెలుపల నుంచుట గడియకు ధర్మమే. అది వాని నడవడిని చూచి చేయు భేదము. పుట్టుకను చూచియో, చేయుపనిని చూచియో, ఈమె ఈ గుమ్మమునకు తగినది, ఆ గుమ్మమునకు తగదని యేర్పఱచు భేదము వేఱు. మొదటి భేదము లేక ఇల్లు నిలువదు. రెండవ భేదముతో నిలిచిన యింటిలో ఈశ్వరోపాసన నిలువదు.

మన సమాజచరిత్రలో ఈ తలుపుమాట మొదటినుండి కలదు. 1828లో కలకత్తాలో బ్రాహ్మసమాజమును స్థాపించిన రామమోహనరాయలు 1830 జనవరి 8వ తేదీన మందిరమునకు ధర్మకర్తృత్వపత్రము వ్రాయించినప్పుడు, మర్యాదగా నడచుకొని భక్తితో వచ్చు సమస్తజనులకును భేదములేక ఆ స్థలము తెఱచియుండవలెనని నిర్ణయించెను. గోదావరితీరమున కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో మొదటి వితంతువివాహమును జరిపినప్పుడు, ఇతరుల తలుపులు ఆయనకు మూతపడినవి. వంటవారు, నీళ్లుతెచ్చువారు రాక మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసికొనవలసివచ్చెను. అయినను ఆ దంపతులు తమ తలుపును దిక్కులేని వితంతువులకు మూయలేదు. కాకినాడలో రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు కళాశాలకు ప్రధానాచార్యులుగ నుండియు, అనాథలకును, ఆదిఆంధ్ర విద్యార్థులకును ఆశ్రయము కల్పించుటను తమ యుపాసనలో భాగముగనే తలంచిరి. వీరి తలుపుల కడియములు ఇత్తడివో ఇనుపవో చరిత్ర చెప్పదు. అవి యెవరెవరికొఱకు తెఱువబడినవో చెప్పుచున్నది.

అట్లయినచో ఆమెను రేపటినుండి వీధితలుపు తట్టి రమ్మని యాజ్ఞాపింపవలెనా? మాకును మొదట ఆ యావేశమే కలిగి అట్లు చెప్పితిమి. ఆమె నవ్వి యూరకుండెను; మఱునాడు ఎప్పటివలె దొడ్డిగుమ్మముననే వచ్చెను. అప్పుడు మా తప్పు తెలిసినది. ఇరువది యేండ్లు మా సౌకర్యముకొఱకు ఒక దారిని నడచినయామెను, ఇప్పుడు మా మనశ్శాంతికొఱకు మఱియొక దారిని నడువుమనుటయు ఆజ్ఞయే. వీధిలోనివారు చూచుచుండగా ఆమె తలుపు తట్టవలెననియు, వారు మమ్ము సంస్కర్తలనవలెననియు కోరుట మా పేరునకు పెట్టుకొను మెఱుగు. ఆ మెఱుగునకు ఆమె చేతిని గుడ్డగా వాడరాదు.

మాఱవలసినవి మా చేతిలోనివి కొన్ని కలవు. ఆమెను ‘మీరు’ అని పిలుచుట నేర్చుకొనుచున్నాము; ఇరువది యేండ్ల నాలుక త్వరగా తిరుగుట లేదు, తప్పి, దిద్దుకొనుచున్నాము. ఆమెకు వేఱుగ నుంచిన కాఫీగ్లాసును తీసివేసితిమి. అది వేఱుగ నున్నదని మే మంతవఱకు గమనింపనైనను లేదు. పండుగనాడు ఆమెకును పండుగయే గనుక ఆనాడు జీతముతోకూడ సెలవు నిచ్చి, మా యింటి ఇత్తడిని మేమే తోముకొనుచున్నాము. ఇంటి మగవారు గూడ గుడ్డ పట్టుకొనవలెనను నియమము పెట్టుకొంటిమి. మెఱుగువలన కలుగు సంతోషము ఒకరిది, మెఱుగునకై కలుగు చేతినొప్పి మఱియొకరిది యగుట డంబమునకు మొదటి గుఱుతని మాకిప్పుడు తోచుచున్నది. మే మడిగిన ప్రశ్నకు మాకు దొరికిన సమాధాన మింతియే: తన చేతులతో తోమి, వచ్చువారికొఱకు తోమినది ధర్మము, పరులచేత తోమించి, చూచువారికొఱకు తోమించినది డంబము.

ఆమె ఇంకను తఱచుగా దొడ్డిగుమ్మముననే వచ్చుచున్నది. కొన్నిదినములక్రిందట తన మనుమరాలి పెండ్లికి మమ్ము పిలువవచ్చినప్పుడు మాత్రము, పసుపుకుంకుమలతో, కోడలిని వెంటబెట్టుకొని, వీధిలోనుండి వచ్చి కడియము తట్టెను. పనికి కాక తనపనిమీద వచ్చినప్పుడు ఏ గుమ్మమున రావలెనో ఆమెకు మేము చెప్పవలసిన యవసరము లేకపోయెను. మేము లేచి తలుపు తీసితిమి.

చదువరులారా, మీ యిండ్లలోను ఇత్తడి యుండును. ఈ పండుగకు దానిని మీరే తోముడు. చింతపండును ఎక్కువసేపు ఉంచకుడు. కడిగినవెంటనే తడి లేకుండ తుడువుడు. తుడుచునప్పుడు ఈ కడియమును ఇంతవఱకు ముట్టనివా రెవరో ఒక్కసారి తలంపుడు. అందఱి హృదయములలో వసించు పరమేశ్వరుడు ఏ గుమ్మమున వచ్చునో మనకు ముందుగా తెలియదు. ఆయన వచ్చువేళకు రెండు గుమ్మములందును ఒక్క మర్యాదతో తలుపు తీయు బుద్ధిని మన కనుగ్రహించుగాక.